బీరువా వెనకాల గోడ

వాన మొదలైన తొమ్మిదో రోజుకి మా నాన్న కూర్చోవడం మానేశాడు. ఆలివ్ నూనెలో కలిపిన బార్లీ పిండి ముద్ద చేత్తో పట్టుకుని, నిలబడే రెండు కొరుకులు తిని, మిగతాది గూట్లో పెట్టి పైకి వెళ్ళిపోయేవాడు. పైన కాసేపు తడిసి మళ్ళీ కిందికి దిగేవాడు. పలుగు కర్రతో గోడ తట్టి, చెవి ఆనించి, రెండడుగులు జరిగి మళ్ళీ తట్టేవాడు.

"గోడలకేమైనా జ్వరం వచ్చిందా, నాడి చూస్తున్నావ్?" అంది మా అమ్మ.

నాన్న నవ్వలేదు. "మనది బాగానే ఉంది," అన్నాడు. ఆ 'మనది' దగ్గర ఆయన గొంతు ఎందుకు తగ్గిందో అమ్మకి తెలియదు. నాకు తెలుసు.

మాది ఎడారి అంచున మత్మాతా కొండల్లో బెని మజూర అనే ఊరు. మా ఊళ్ళో ఇళ్ళు నేల మీద ఉండవు. నాలుగు నిలువుల లోతు గుండ్రంగా గొయ్యి తవ్వి, ఆ గొయ్యి అడుగుని వాకిలి చేసుకుని, చుట్టూ గోడల్లోకి గదులు తొలుచుకుంటాం. పక్క నుంచి వాకిట్లోకి ఏటవాలుగా ఒక సొరంగం దారి ఉంటుంది. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుంది. వానంటారా, ఏడాదికి నాలుగైదు సార్లు పడితే గొప్ప. కొండ వాలుల్లో మట్టికట్టలు వేసి, ఆ కాస్త నీటినీ ఆపి ఆలివ్, అంజూర చెట్లు పెంచుకుంటాం. మా నాన్న పేరు ధావ్. ఇళ్ళు తవ్వే మనిషి. ఊళ్ళో సగం గదులు ఆయన పలుగు తొలిచినవే. గదికీ గదికీ మధ్య బారెడు మట్టి వదలాలి, అంతకన్నా తగ్గకూడదు. ఇది ఆయన నియమం.

ఆ నియమం ఆయన ఒక్కసారే తప్పాడు. అప్పుడు పక్కన ఉన్నది నేనే.

అంతకు ఐదేళ్ళ ముందు మాట. హెనియా అత్త కొడుకు తిజానీకి పెళ్ళి కుదిరింది. హెనియా అత్త మొగుడు మా నాన్నకి పినతండ్రి కొడుకు; వరసకి పెద్దమ్మే అయినా ఆవిణ్ణి అత్త అనే పిలిచేదాన్ని. ఆయన పోయాక ఇల్లంతా ఆవిడ నోటి మీద నడిచేది. పెళ్ళికూతురు మున్జియాది గాబెస్ పట్నం. ఆమె తండ్రి ఇనప మంచం, అద్దాల బీరువా పంపిస్తానని కబురు చేశాడు. "మా పిల్ల గుహలో ఉంటుంది, సరే. మంచం వాకిట్లో ఉంటుందా?" అన్నాడట. దాంతో కొత్త జంట కోసం నాన్న తవ్వుతున్న గది కొలతలు మారిపోయాయి. ఇంకో రెండు మూరలు లోపలికి తవ్వమంది హెనియా అత్త.

పెళ్ళికి తొమ్మిది రోజులుంది. నాకు పద్నాలుగేళ్ళు. నాన్న తవ్వుతుంటే నేను తట్టలతో మట్టి మోస్తున్నాను. ఉన్నట్టుండి పలుగు సర్రున అవతలికి జారిపోయింది. ఆ కంతలోంచి చల్లటి గాలి, పాత నూనె మడ్డి వాసన వచ్చాయి. అవతల తాతల కాలం నాటి గానుగ గుహ ఉంది. ఎప్పుడో దాని ద్వారం కూలిపోయి, అక్కడొకటి ఉందన్న సంగతే జనం మర్చిపోయారు.

నాన్న చాలాసేపు ఆ కంత వంక చూశాడు. తర్వాత రాళ్ళు ఏరి, మట్టి పిసికి, కంత పూడ్చాడు. పైన సున్నం కొట్టాడు.

"సాల్హా, ఇక్కడ నువ్వేం చూశావ్?"

"కంత, బాబా."

"కంత లేదు. రాయి తగిలింది, తీసి పూడ్చాం. ఏం చూశావ్?"

"రాయి."

సరిగ్గా ఆ చోటుకి ఆనించే అద్దాల బీరువా పెట్టారు. దాని పక్కనే మంచం వేశారు.

మున్జియా నాకన్నా మూడేళ్ళు పెద్ద. కొత్తకోడలిగా వచ్చినప్పుడు మా ఊళ్ళో ఆమెకి ఎవరూ తెలియదు. సముద్రం కనిపించదని, ఖర్జూర తోటలు లేవని దిగులుపడేది. నేను వెళ్ళి కూర్చునేదాన్ని. నాకు చదవడం, రాయడం ఆమే నేర్పింది. బీరువా అద్దంలో చూసుకుంటూ ఇద్దరం జడలు వేసుకునేవాళ్ళం. తర్వాత ఆమెకి కొడుకు పుట్టాడు. ఆ మంచం మీదే పడుకోబెట్టేది. వాన పడ్డప్పుడు వెళ్తే మాత్రం బీరువా వెనక్కి ఓ చూపు చూసి, మాట మార్చేదాన్ని. చెబుదామని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

ఇక అరవై తొమ్మిదిలో ఆ వాన. సెప్టెంబరు చివర్లో మొదలైంది. మొదటి మూడు రోజులూ ఊరంతా పండగే. ఆడవాళ్ళు కుండలు తెచ్చి వాకిట్లో పెట్టారు. ముసలాళ్ళు ఆకాశం వంక చూసి దణ్ణాలు పెట్టారు. ఆరో రోజుకి మట్టికట్టలు తెగాయి. వందేళ్ళ ఆలివ్ చెట్లు వేళ్ళతో సహా వాగులో కొట్టుకుపోయాయి. ఎనిమిదో రోజు దిగువ వీధిలో రెండు ఇళ్ళు కూలాయి. మా మట్టి ఎండలో రాయిలా ఉంటుంది. తడి లోపలిదాకా ఇంకితే మాత్రం బెల్లంలా కరుగుతుంది. ఇళ్ళు పోయినవాళ్ళు కొండ మీది బడికి చేరారు. ఊళ్ళో రాతితో, సిమెంటుతో కట్టింది అదొక్కటే.

పదో రోజు పొద్దున్న నాన్న నన్ను పిలిచాడు. "దారం ఉండ తీసుకురా."

హెనియా అత్త ఇంటి పక్కన గట్టు మీదకి వెళ్ళాం. అక్కడ ముళ్ళపొదల్లో గానుగ తూము ఉంది. పూర్వం పైనుంచి ఆలివ్ కాయలు కిందికి పోయడానికి పెట్టిన కన్నం అది. ఎవరూ మూయలేదు. గట్టు మీది నీళ్ళన్నీ అందులోకే పోతున్నాయి. నాన్న దారానికి రాయి కట్టి వదిలాడు. మూడు బారల దగ్గర రాయి నీటిని తాకింది. ఇంకో రెండు బారలు వదిలితే గానీ అడుగు తగల్లేదు.

"రెండు బారల నీళ్ళు," అన్నాడు. ఆ దారాన్నే చుడుతూ, విప్పుతూ నిలబడ్డాడు. "మనం పూడ్చిన చోటుకి పైదాకా వచ్చేశాయి."

మేమిద్దరం పొదలు కోసి, మట్టి పోసి, తూము మూయాలని చూశాం. పోసిన మట్టి పోసినట్టే జారిపోయింది. అప్పుడు కిందికి వెళ్ళాం.

ఆ ఇంట్లో తిజానీ గోడకి జేరబడి టీ తాగుతున్నాడు. అతను ఐదేళ్ళుగా సహకార సంఘంలో గుమాస్తా. ఊరి గొర్రెలు, ఆలివ్ చెట్లు సంఘంలో కలపాలని ప్రభుత్వం అన్నప్పుడు, ఇంటింటికీ వెళ్ళి గొర్రెలు తోలుకెళ్ళింది అతనే. ఆ సెప్టెంబరులోనే ప్రభుత్వం ఆ పద్ధతి వదిలేసింది. సంఘం పోయింది, అతని ఉద్యోగం పోయింది. తిట్లు మాత్రం మిగిలాయి. అప్పటినుంచీ అతను ఇల్లు కదల్లేదు.

"వదినా, వాన తగ్గేదాకా బడిలో ఉండండి," అన్నాడు నాన్న.

"ఎందుకు? మా ఇల్లు కట్టింది నువ్వు కాదా?" అంది హెనియా అత్త. "నువ్వు తవ్వింది కూలదని పదూళ్ళలో చెప్పుకున్నావు కదా, ధావూ."

"మా వీధి మీద నాకే నమ్మకం లేదు ఇప్పుడు."

"అయితే నువ్వు పో బడికి."

తిజానీ గ్లాసు కింద పెట్టాడు. "బాబాయ్, ఆ బడిలో ఎవరున్నారో తెలుసా నీకు? నేను గొర్రెలు తోలుకొచ్చిన ఇళ్ళవాళ్ళు. వాళ్ళ మధ్య చాప పరుచుకుని కూర్చోమంటావా నన్ను? దానికన్నా ఇక్కడ మట్టిలో కలిసిపోవడం నయం."

మున్జియా నన్ను గదిలోకి పిలిచింది. "చూడవే సాల్హా, గోడకి చెమట పడుతోంది. పొద్దుటినుంచి తుడుస్తూనే ఉన్నా." బీరువా పక్కన సున్నం బూడిదరంగుకి తిరిగింది. చెయ్యి పెడితే చల్లగా, మెత్తగా తగిలింది. పిల్లాడు మంచం మీద బొంగరం తిప్పుతున్నాడు.

నేను వాకిట్లోకి పరిగెత్తాను. "బాబా, చెప్పు," అన్నాను. అందరూ నా వంక చూశారు. "నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను."

నాన్న తలపాగా తీసి, నీళ్ళు పిండి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"వదినా, ఆ బీరువా వెనకాల గోడ జానెడే ఉంది. అవతల పాత గానుగ. దాన్నిండా నీళ్ళున్నాయి. తవ్వేటప్పుడు నా పలుగు అవతలికి పోయింది. రాళ్ళు పెట్టి పూడ్చేశాను. మీకు చెప్పలేదు."

తిజానీ ముందు నవ్వాడు. "బాగుంది కథ. నన్ను ఆ బడి గడప తొక్కించడానికి ఊరంతా కలిసి అల్లారా?" అన్నాడు. నాన్న లోపలికి వెళ్ళి, భుజం ఆనించి బీరువా జరిపాడు. గోటితో సున్నం గీరాడు. సున్నం పెచ్చులా ఊడి, లోపలి రాయి బయటపడింది. రాళ్ళ సందులోంచి సన్నగా నీరు కారుతోంది.

తిజానీ ఆయన మెడ దగ్గర బట్ట పట్టుకున్నాడు. "ఐదేళ్ళు! ఐదేళ్ళు నా పెళ్ళాం బిడ్డా దీని పక్కన పడుకున్నారు! మా ఇంట్లో కూర్చుని మా టీ తాగావు, ఎన్నిసార్లు తాగావు!"

"నిజమే," అన్నాడు నాన్న. "తిట్టడం బడికి వెళ్ళాక తిట్టు."

"నేను వెళ్ళను. పూడ్చింది నువ్వే కదా. ఇప్పుడూ నువ్వే పూడ్చు."

మున్జియా పిల్లాణ్ణి ఎత్తుకుని గుమ్మం వైపు నడిచింది. హెనియా అత్త అడ్డం నిలబడింది. ఆవిడ ముఖం తెల్లగా పాలిపోయింది. అది భయం కాదు, కోపం. "ఎవరూ కదలకండి. ఈయన తవ్వుతానంటే తవ్వించుకోవాలి, పొమ్మంటే పోవాలి, మనమేమన్నా ఈయన మేకలమా? ముందు నువ్వు నా ఇంట్లోంచి నడువు, ధావూ!"

నాన్న నడవలేదు. గదిలోకే వెళ్ళి, ఆ తడి గోడకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. రెండు రోజుల్లో ఆయన కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"మీరు కదిలేదాకా నేనూ కదలను," అన్నాడు.

"కూర్చో! అది నువ్వు చేసిన గోడే!" అంది ఆవిడ.

ఆ గోడ ఎప్పుడు పగులుతుందో ఎవరికీ తెలియదు. కానీ కంత చూసినవాళ్ళం ఇద్దరం. నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. వీపుకి తడి తగిలింది. అవతల నీళ్ళు కదులుతున్నట్టు, పెద్ద జంతువు పక్కకి ఒత్తిగిలినట్టు ఏదో అలికిడి. నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "లే, పైకి పో," అన్నాడు పళ్ళ సందున. నేను లేవలేదు.

హెనియా అత్త గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. "నువ్వెందుకే? నిన్నెవరు కూర్చోమన్నారు?"

"తట్ట మోసింది నేను, అత్తా. నాకూ తెలుసు."

మున్జియా పిల్లాణ్ణి ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

హెనియా అత్త పళ్ళు కొరుకుతున్న చప్పుడు నాకు వినిపించింది. ఆ తర్వాత ఒక్కసారిగా కొడుకు మీదకి తిరిగింది. "లేరా! పరాయి ఆడపిల్ల నా ఇంట్లో మట్టి కింద చచ్చిందన్న మాట నేను బతికుండగా వినను. నీ పరువు నెత్తిన పెట్టుకుని నడువు, అక్కడ దించుకుందువుగాని! మున్జియా, దుప్పట్లు. సాల్హా, లేస్తావా, జుట్టు పట్టి ఈడవనా?"

అందరం సొరంగం దారిలో పైకి నడిచాం. చీలమండలదాకా బురద. తిజానీ అందరికన్నా చివర వచ్చాడు. బీరువా వైపు ఒకసారి వెనక్కి వెళ్ళబోయాడు. నాన్న అతని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

బడిలో నలభై మంది ఉన్నారు. తిజానీ గుమ్మంలో నిలబడగానే మాటలన్నీ ఆగిపోయాయి. అతను లోపలికి రాలేక, వెనక్కి పోలేక చూరు నీళ్ళ కింద తడుస్తూ నిలబడ్డాడు. మూల నుంచి ఒక ముసలాయన, ఎనిమిది గొర్రెలు సంఘంలో పోగొట్టుకున్నాయన, తన చాప మీద కాస్త జరిగాడు.

"రా గుమాస్తా, కూర్చో. ఇక్కడ రాసుకోవడానికి గొర్రెల్లేవు. మనుషులమే ఉన్నాం."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో నవ్వారు. తిజానీ తల వంచుకుని వచ్చి కూర్చున్నాడు.

ఆ రోజే, పొద్దు వాలుతుండగా, అసర్ నమాజు వేళకి, దుప్పటి దులిపినట్టు మెత్తటి చప్పుడొకటి వినిపించింది. గట్టు అంచుకి పరిగెత్తి చూశాం. హెనియా అత్త వాకిలి ఎర్రటి నీళ్ళతో నిండుతోంది. కొత్త గది ఉన్నచోట పెద్ద నోరు తెరుచుకుంది. బీరువా తలుపొకటి పైకి తేలి, గుండ్రంగా తిరిగి మునిగిపోయింది. హెనియా అత్త ఏడవలేదు. "పదండి, తడుస్తారు," అని మాత్రం అంది.

మర్నాడు ఉమ్దా వచ్చాడు. మా ప్రాంతానికి ప్రభుత్వ పెద్ద ఆయన. అందరి ముందూ తిజానీ లేచి చెప్పాడు, ధావ్‌కి ఆ గోడ సంగతి ఐదేళ్ళుగా తెలుసని. ఉమ్దా నాన్న వైపు తిరిగాడు. "అవును," అన్నాడు నాన్న. అప్పుడు మొదలైంది అసలు గొడవ. "మా ఇంట్లో ఏం పూడ్చావ్?" "మా ధాన్యం గది మాటేంటి?" "మా నాన్న చచ్చే ముందు నీ చేతే గది తవ్వించాడు, నిజం చెప్పు!" నాన్న ఒక్కొక్కరికీ జవాబు చెప్పాడు. నమ్మినవాళ్ళు తక్కువ. రెండు రోజులు వానలో ఆయన్ని ఇంటింటికీ తిప్పి గోడలు తట్టించారు. గట్టిగా ఉంది అన్న ఇల్లొకటి సాయంత్రానికే కూలింది, రెండు మేకలు పోయాయి. పోతుంది, ఖాళీ చెయ్యండి అన్న ఇల్లు ఇప్పటికీ నిలిచే ఉంది. చివరికి ఆయన చెవిని ఆయనే నమ్మడం మానేశాడు. తట్టేవాడు, వినేవాడు, "తెలియదు" అనేవాడు.

బడిలో మున్జియా నా పక్కకి రాలేదు. నాలుగో రోజు రొట్టెలు పంచుతుంటే నా ముందు ఆగింది.

"నేను గోడ తుడుస్తుంటే చూశావు కదా."

"చూశాను."

"జడలు వేసుకునేటప్పుడు కూడా తెలుసు."

"తెలుసు."

రొట్టె నా చేతికివ్వలేదు. నా ముందు నేల మీద పెట్టి వెళ్ళిపోయింది.

వాన ఇంకా చాలా రోజులు కురిసి, ఒక పొద్దున్న ఏమీ ఎరగనట్టు ఆగిపోయింది. మాకు మైదానంలో గుడారాలు వేశారు. ఆ తర్వాత వరసగా సిమెంటు ఇళ్ళు కట్టడం మొదలైంది. నాన్న అందులో కూలిపనికి వెళ్ళాడు. తిజానీ కూడా. ఒకే పలక మీద ఇసక మోసేవాళ్ళు, ఒకరు ముందు, ఒకరు వెనక. ఆ చలికాలమంతా తిజానీ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. వసంతంలో ఒకరోజు బరువెక్కువై పలక ఒరిగితే, "బాబాయ్, నీ వైపు ఎత్తు!" అని అరిచాడు. ఆ తర్వాత అవసరమున్నంత మేరకు మాటలు నడిచాయి. నాన్న మళ్ళీ పలుగు పట్టలేదు, తవ్వమని అడిగినవాళ్ళూ లేరు. సిమెంటు ఇంట్లో ఆయనకి నిద్ర పట్టేది కాదు. గాలి నాలుగు వైపుల నుంచీ వినపడుతోందని మంచం ఒక గోడ నుంచి ఇంకో గోడకి మారుస్తూ ఉండేవాడు.

మా ఇంటికీ మున్జియా ఇంటికీ మధ్య మూడే ఇళ్ళు. ఆమెకి ఆడపిల్ల పుట్టినప్పుడు మా అమ్మకి కబురొచ్చింది, నాకు రాలేదు. కుళాయి దగ్గర నేను కనిపిస్తే బిందె నిండకుండానే ఎత్తుకుని పోయేది. మూడేళ్ళు అలాగే గడిచాయి. నాకు గాబెస్‌లో రైల్వే పనివాడితో పెళ్ళి కుదిరింది. గోరింటాకు రోజు మధ్యాహ్నం ఇల్లంతా ఆడవాళ్ళు. నేను స్థిమితంగా కూర్చోలేక లేస్తూ, కూర్చుంటూ, గుమ్మం వంక చూస్తూ ఉన్నాను. ఆమె వచ్చింది. పాటలు కొంచెం తగ్గాయి. వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఒకటి అడుగుతాను. ఆ ఐదేళ్ళలో నేనూ, నా బిడ్డా ఆ గోడ పక్కన పడుకున్నామని నీకు గుర్తొచ్చేదా?"

"వాన పడ్డ ప్రతిసారీ గుర్తొచ్చేది."

"వాన పడని రోజుల్లో?"

మా ఊళ్ళో వాన పడని రోజులెన్నో ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. అబద్ధం చెప్పడానికి మాట నోట్లోనే ఉంది.

"లేదు," అన్నాను. "మర్చిపోయి నవ్వుకునేదాన్ని నీతో."

ఆమె గోరింటాకు గిన్నె దగ్గరికి లాక్కుంది.

"చెయ్యి ఇలా పెట్టు," అంది. "కదిపావంటే మొత్తం పాడవుతుంది."

మేము మునుపటిలా ఎప్పటికీ కాలేదు. గాబెస్ వెళ్ళాక, ఆమె పుట్టింటి వీధి దాటి వచ్చిన ఒక రోజు ఆమెకి ఉత్తరం రాశాను, ఆమె నేర్పిన అక్షరాలతోనే. రెండు నెలలకి జవాబొచ్చింది. పిల్లాడు బడికి వెళ్తున్నాడని, హెనియా అత్తకి మోకాళ్ళ నొప్పులని, సముద్రం ఎలా ఉందో రాయమని. ఆ సాయంత్రమే రేవు దాకా నడిచి వెళ్ళి, నిలబడి చూసి వచ్చి, రాశాను.